ఆకురాల్చే బోన్సాయ్

ఆకురాల్చే బోన్సాయ్ అనగా శీతాకాలంలో ఆకులన్నిటినీ రాల్చి వసంతంలో తిరిగి చిగురించే జాతికి చెందిన చెట్టును లోతు తక్కువ తొట్టిలో ఏళ్ళ తరబడి పెంచి తీర్చిదిద్దిన వామన వృక్షం. జపాను భాషలో "బోన్" అనగా పళ్ళెం వంటి తొట్టి, "సాయ్" అనగా నాటుట అని అర్థం. జపాను పెంపకందార్లు పైన్, జూనిపర్ వంటి చెట్లను "షోహాకు" అని, మేపుల్, జెల్కోవా, బీచ్, హార్న్‌బీమ్ మొదలైన వెడల్పాటి ఆకుల చెట్లను "జోకి" అని వేరుచేసి పిలుస్తారు. పైన్ చెట్టు సంవత్సరమంతా దాదాపు ఒకే రూపంలో కనిపిస్తుంది. జోకి చెట్టు వసంతంలో లేతచిగురుతో, వేసవిలో పచ్చదనంతో, శరత్తులో ఎరుపు, పసుపు వన్నెలతో, శీతాకాలంలో ఆకులేని కొమ్మలతో నాలుగు రూపాలు ధరిస్తుంది. ఈ నాలుగింటిలో చివరిదే చెట్టు పెంచినవాని పనితనానికి అసలైన పరీక్ష. ఆకులు ఉన్నప్పుడు కప్పిపుచ్చగలిగిన తప్పులన్నీ అవి రాలిన తరువాత బయటపడతాయి.

పరిపక్వ దశ

బోన్సాయ్ పెంపకంలో రెండు దశలు ఉన్నవి. మొదటి దశలో మాను లావెక్కించుట, వేళ్ళను అన్ని దిక్కులకూ పరపించుట, ముఖ్యశాఖలను నిర్ణయించుట జరుగుతాయి. ఈ దశలో చెట్టును పెద్ద తొట్టిలోనో నేలమీదనో విచ్చలవిడిగా పెరగనిస్తారు. రెండవ దశలో చెట్టు పెరగవలసిన అవసరం లేదు. ముఖ్యశాఖల నుండి ఉపశాఖలు, వాటినుండి రెమ్మలు, ఆ రెమ్మల నుండి ఇంకా సన్నని రెమ్మలు చీలుతూ, చివరికి కొనలు వెంట్రుకల వలె సన్నబడే వరకు తీసుకుపోవడమే ఈ దశ లక్ష్యం. మొదటి దశలో మేలు చేసిన ఎరువు, నీరు, స్వేచ్ఛ రెండవ దశలో కీడు చేస్తాయి. కొత్తగా ఈ కళ నేర్చుకొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇందుకు కారణం కణుపులలో ఉన్నది. రెండు కణుపుల నడుమ దూరం ఒకసారి సాగిన తరువాత దానిని తగ్గించే ఉపాయం లేదు. వసంతంలో బలమైన ఎరువు వేస్తే కొత్త రెమ్మ మొదటి కణుపు వద్దకు చేరేసరికే బారెడు సాగుతుంది. అటువంటి రెమ్మను మొదలంటా తీసివేసి మరుసటి ఏడు మళ్ళీ ప్రారంభించవలసినదే. అందువలన పరిపక్వమైన చెట్టుకు వసంతంలో ఎరువు ఆపి, మొదటి ఆకులు ముదిరిన తరువాతనే కొద్దిగా మొదలుపెట్టి, శరదృతువులో ఎక్కువగా ఇస్తారు. శరత్తులో చెట్టు దాచుకున్న పిండిపదార్థమే మరుసటి వసంతంలో చిగురుకు ఆధారం.

చిగురు గిల్లుట

ఈ వ్యాసంలో ఉదాహరణగా త్రిదళ మేపుల్‌ను తీసుకొనవచ్చును. మూడు తమ్మెలు గల ఆకు ఉండుట వలన దీనికి ఆ పేరు వచ్చింది. చైనా తూర్పు ప్రాంతం దీని జన్మస్థలం. 18వ శతాబ్దంలో ఇది జపాను చేరింది. బలంగా పెరుగుతుంది, కోతలను త్వరగా మాన్పుకొంటుంది, వేళ్ళు మాను మొదట్లో ఒకదానితో ఒకటి కలసిపోయి పీఠం వలె విస్తరిస్తాయి. మేపుల్ జాతులలో ఆకులు ఒకదానికొకటి ఎదురుగా జంటలుగా వస్తాయి. ప్రతి ఆకు మొదట్లో ఒక గ్రీవపు మొగ్గ ఉంటుంది.

వసంతంలో మొగ్గ విచ్చి మొదటి ఆకుల జంట తెరుచుకొనే సమయంలో ఆ రెండు ఆకుల నడుమ సూదిమొన వంటి చిగురు కనిపిస్తుంది. దానిని పట్టకారుతో గిల్లివేస్తారు. కొనమొగ్గ నుండి దిగివచ్చే ఆక్సిన్ అనే హార్మోను క్రింది మొగ్గలను నిద్రావస్థలో ఉంచుతుంది. దీనినే వృక్షశాస్త్రంలో అగ్రాధిక్యత అంటారు. కొన తొలగిపోగానే రెమ్మ పొడుగు సాగడం ఆగిపోయి, ఆకుల మొదళ్ళలోని రెండు మొగ్గలు మేల్కొంటాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

చెప్పడానికి సులువైన ఈ పని చేయడానికి ఓపిక కావాలి. చెట్టుపై మొగ్గలన్నీ ఒక్కరోజున విచ్చుకొనవు. శిఖరాన ఉన్నవి ముందు, లోపలి బలహీనమైనవి చివర విచ్చుతాయి. కాబట్టి ఆ రోజుల్లో ప్రతిదినం చెట్టు చుట్టూ తిరిగి చూసుకొనవలసి ఉంటుంది. రెండు రోజులు ఊరికి వెళ్ళివస్తే కొన్ని రెమ్మలు చేయిదాటిపోతాయి. లోపలి బలహీనమైన చిగుళ్ళను గిల్లకూడదు, వాటికి బలం చేరాలి. ఏటా అదేపనిగా గిల్లితే చెట్టు నీరసిస్తుంది కనుక అనుభవజ్ఞులు నడుమ నడుమ ఒక ఏడు విడిచిపెడతారు.

ఆకు కోత

జపానులో "హగారి" అని పిలిచే ఈ పద్ధతిలో, ఆకులు ముదిరిన తరువాత, అనగా టోక్యో పరిసరాలలో మే చివర నుండి జూన్ నడిమి వరకు, ఆకుకాడను మాత్రం ఉంచి ఆకు పలకను కత్తెరతో తీసివేస్తారు. కాడ కొద్దిరోజులలో ఎండి తనంతట తాను రాలుతుంది. అంతవరకు అది మొదట్లోని మొగ్గకు రక్షణ. రెండు మూడు వారాలలో మొదటివాటికంటె చిన్నవైన కొత్త ఆకులు వస్తాయి.

ఆకులు చిన్నవి కావడమే దీని ప్రయోజనమని సాధారణంగా వ్రాస్తుంటారు. అది పైకి కనిపించే ఫలితం మాత్రమే. అసలు ప్రయోజనం వెలుతురు. దట్టంగా ఆకు పట్టిన చెట్టు లోపల నీడ కమ్మి, మాను దగ్గరి సన్నని రెమ్మలు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. అవి ఎండిపోతే కొమ్మ నడుమ బోసిపోయి, పచ్చదనమంతా కొనలకు జరుగుతుంది. అక్కడ మళ్ళీ మొగ్గ పుట్టడం అరుదు. పదేళ్ళ శ్రమ ఒక్క వేసవి నీడలో పోవచ్చును. పైన, వెలుపల ఉన్న బలమైన ఆకులను తీసివేసి లోపలి వాటిని ఉంచితే వెలుతురు లోపలికి పోతుంది. బలం కూడా బయటినుండి లోపలికి సర్దుకొంటుంది. అందుచేత పరిపక్వమైన చెట్లకు మొత్తం ఆకు కోయుటకంటె, బలమైనచోట మాత్రమే కోయుట, లేదా జంటలో ఒక ఆకును తీసివేయుట, లేదా ప్రతి ఆకును సగానికి కత్తిరించుట మేలు.

అన్ని జాతులకు ఇది పనికిరాదు. త్రిదళ మేపుల్ దీనిని తట్టుకొంటుంది. జపాను మేపుల్ విషయంలో జాగ్రత్త అవసరం. జపాను బీచ్ సాధారణంగా ఏడాదికి ఒక్కసారే చిగురించే చెట్టు కాబట్టి దానికి పూర్తి ఆకు కోత చేయరాదు. జబ్బుపడిన చెట్టుకు, ఆ ఏడు తొట్టి మార్చిన చెట్టుకు కూడా చేయరాదు.

తొట్టి మార్పిడి

వసంతారంభంలో మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చకముందు తొట్టి మారుస్తారు. త్రిదళ మేపుల్ వేళ్ళు తొట్టిని త్వరగా నింపివేస్తాయి కనుక రెండు మూడేళ్ళకొకసారి ఇది అవసరం. క్రిందికి దిగే లావు వేళ్ళను తగ్గించి, పక్కలకు పరచుకొన్న సన్నని వేళ్ళను ఉంచుతారు. వేరు సన్నబడితేనే రెమ్మ సన్నబడుతుందని పెంపకందార్ల అనుభవం. జపానులో "అకదామ" అనే గింజ కట్టిన ఎర్రమట్టిని ఇందుకు ఎక్కువగా వాడుతారు.

శీతాకాలపు పనులు

ఆకు రాలిన తరువాత చెట్టు ఎముకల గూడు బయటపడుతుంది. ఒక్కొక్క చీలిక వద్ద రెండు రెమ్మలే ఉండునట్లు మిగిలినవాటిని తీసివేస్తారు. ఒకేచోట మూడు, నాలుగు రెమ్మలు ఉంటే ఆ కణుపు ఉబ్బి బొడిపె కడుతుంది. పైకి గాని క్రిందికి గాని నిటారుగా పోయే రెమ్మలను కూడా తొలగిస్తారు. కొమ్మల దిశ మార్చవలసినచోట మెత్తని అల్యూమినియం తీగను చుడతారు. పైన్ చెట్లకు వాడే రాగితీగ ఈ పలుచని బెరడుకు మోటు. వసంతంలో కొమ్మ లావెక్కగానే తీగ బెరడులో దిగబడి మచ్చ పడుతుంది. మేపుల్ బెరడుపై పడిన ఆ మచ్చ ఎన్నో ఏళ్ళు మాయదు.

పలుచగా కలిపిన సున్నపు గంధక ద్రావణం చల్లితే పురుగుల గుడ్లు, శిలీంధ్రాలు నశిస్తాయి. మానుమీది పాకుడును నీటితో, మెత్తని కుంచెతో శుభ్రం చేస్తారు. బీచ్ వంటి తెల్లని బెరడు గల చెట్లకు ఈ శుభ్రతతోనే సగం అందం.

ప్రదర్శన

జపానులో అన్నిటికంటె ప్రతిష్ఠ గలది 1934లో ప్రారంభమైన కొకుఫు బోన్సాయ్ ప్రదర్శన. టోక్యోలోని ఉయెనో ఉద్యానవనంలో గల కళా ప్రదర్శనశాలలో ఫిబ్రవరి మాసంలో జరుగుతుంది. ఆ మాసంలో జరుగుట వలన అక్కడికి వచ్చే మేపుల్, జెల్కోవాలు ఆకులు లేకుండానే నిలబడతాయి. శరదృతువు వన్నెలు, పండ్లు చూడగోరేవారు నవంబరులో క్యోటోలో జరిగే తైకన్ ప్రదర్శనకు వెళతారు. కొకుఫులో చెట్టు వద్ద ఉండే పేరు యజమానిది. ఏళ్ళ తరబడి దానికి సేవచేసిన వృత్తి నిపుణుని పేరు సాధారణంగా కనిపించదు. ఇది ఆ దేశపు ఆచారమే అయినా చూచేవారికి కొంత వెలితిగా తోచకపోదు.

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు లింగ్నాన్ సంప్రదాయం కూడా ఆకులేని కొమ్మకే పెద్దపీట వేసింది. తీగ చుట్టకుండా, పెరగనిచ్చి కోసి, మళ్ళీ పెరగనిచ్చి కోసి కొమ్మకు మలుపులు తెచ్చుట ఆ సంప్రదాయపు ప్రత్యేకత. అక్కడి వాతావరణం వెచ్చనిది కనుక ప్రదర్శనకు ముందు ఆకులను చేతితో తీసివేస్తారు.

తొట్టి ఎంపికలో జోకి చెట్లకు మెరుగుపూత గల అండాకారపు లేక మెత్తని మూలల దీర్ఘచతురస్రపు తొట్లు వాడుతారు. నీలం, మీగడ తెలుపు, లేత ఆకుపచ్చ రంగులు ఎక్కువ. పూతలేని గోధుమరంగు తొట్లు పైన్ జాతులకు. తొట్టి పొడవు చెట్టు ఎత్తులో సుమారు మూడింట రెండు వంతులు, లోతు మాను మొదలు మందానికి దగ్గరగా ఉండాలని ఒక లెక్క ఉన్నది. అది కొలబద్దే కాని శాసనం కాదు. చెట్టును తొట్టి నడిమధ్య నాటక, కొద్దిగా ప్రక్కకు నాటుతారు. మట్టిపై నాచు పరుస్తారు.

జపాను ఇళ్ళలో "తొకొనోమ" అనే గూటిలో చెట్టును, దాని క్రింద కొయ్య పీటను, వెనుక వ్రేలాడే చిత్రపటాన్ని, ప్రక్కన చిన్న తొట్టిలో గడ్డిమొక్కను అమరుస్తారు. మేపుల్‌కు సన్నని కాళ్ళ పీట నప్పుతుంది, బరువైన పీట నప్పదు. పటంలో చెట్టును మళ్ళీ చెప్పకూడదు. మేపుల్ వెనుక మేపుల్ ఆకు బొమ్మ వేయుట మోటుదనం. ఆకులేని చెట్టు వెనుక చంద్రుడో దూరపు కొండో చాలును. చెట్టు ఏ దిక్కుకు మొగ్గి ఉంటే గడ్డిమొక్కను ఆ దిక్కున ఉంచుతారు.

వెచ్చని గదిలో ఎక్కువ రోజులుంచితే శీతనిద్రలోని మొగ్గలు అకాలంలో మేల్కొని, తిరిగి బయటి మంచులో మాడిపోతాయి. అందువలన ప్రదర్శన కొద్దిరోజులే ఉంటుంది, ఆ తరువాత చెట్టును మంచు తగలని చల్లని చోట ఉంచుతారు.

వెనుకకు కోయుట

ఎంత సేవచేసినా ఏటా కొద్దికొద్దిగా చెట్టు ఆకారం పెరుగుతూనే ఉంటుంది. కొనలు చిక్కుపడి బొడిపెలు కడతాయి. సరిగ్గా ఆ దశలోనే చెట్టు చూడముచ్చటగా ఉంటుంది, ప్రదర్శనకు పిలుపు వస్తుంది. అప్పుడు కత్తెర పట్టి కొనలను ఎంతో లోపలికి కోసివేస్తే అనేక సంవత్సరాల పాటు దానిని ఎవరికీ చూపలేరు. కోయకపోతే లోపలి రెమ్మలు నీడలో ఎండిపోయి, ఆ తరువాత కోయుటకు కూడా వీలుండదు. పేరుపొందిన చెట్లు కొన్ని ప్రదర్శనలలో ఏళ్ళ తరబడి కనిపించకపోవుటకు ఇది ఒక కారణం. ప్రదర్శన కొరకు ఈ కోతను వాయిదా వేయుట చెట్టు ఆయువును అప్పు తీసుకొనుట వంటిది.

తెలుగు ప్రాంతాలలో

మేపుల్, బీచ్ జాతులకు శీతాకాలపు చలినిద్ర తప్పనిసరి. తెలుగునాట మైదానాలలో అంత చలి ఉండదు కనుక ఇవి ఎక్కువకాలం నిలువవు. తెప్పించి పోగొట్టుకొనుటకంటె స్థానిక వృక్షాలను ఎంచుకొనుట ఉత్తమం. ఉగాదికి ముందు వెనుకల పాత ఆకు రాల్చి రాగివన్నెతో చిగురించే రావి ఇందుకు తగినది. దాని ఆకు పెద్దది కాబట్టి బలంగా ఉన్న చెట్టుకు ఎండకాలంలో ఆకు కోత చేస్తే పరిమాణం తగ్గుతుంది. కోసినచోట పాలు కారుతాయి, నీళ్ళు చిలకరిస్తే ఆగుతాయి. చింతకు ఆకు సహజంగానే చిన్నది, బెరడు వయసుకు మించి ముదురుగా కనిపిస్తుంది. అయితే చింత పూర్తిగా ఆకు రాల్చే కాలం బహు తక్కువ కనుక దాని రెమ్మల అల్లికను చూపదలచినవారు లింగ్నాన్ పద్ధతిలో ఆకు దూసివేయవలసి ఉంటుంది.