చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు

డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కునే నొప్పి, జ్వరం మాత్రలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పారాసిటమాల్. రెండోది ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి ఎన్‌ఎస్‌ఏఐడీల (స్టిరాయిడ్ కాని నొప్పి, వాపు మందుల) వర్గం. నిబంధనల ప్రకారం డైక్లోఫెనాక్‌ను చీటీ చూశాకే అమ్మాలి. కౌంటర్ దగ్గర ఆ చీటీ అడిగేవాళ్లు తక్కువ.

పారాసిటమాల్ మోతాదు మించనంతవరకు భద్రమైన మందే. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. బాగా బక్కచిక్కినవారికి, రోజూ మద్యం తాగేవారికి, కాలేయ జబ్బున్నవారికి ఇంకా తగ్గించాలి. అసలు చిక్కు పేర్లతో వస్తుంది. డోలో 650, క్రోసిన్, కాల్పాల్ అన్నింట్లో ఉండేది పారాసిటమాలే. జలుబు మాత్రలు చాలావాటిలోనూ అదే ఉంటుంది. జ్వరానికి 650 మిల్లీగ్రాముల మాత్ర నాలుగుసార్లు, జలుబుకు 500 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర మూడుసార్లు వేసుకుంటే మొత్తం 4,100 మిల్లీగ్రాములు. అంటే హద్దు దాటినట్టే, అదీ తెలియకుండానే. అందుకే స్ట్రిప్పు మీద పెద్దక్షరాల పేరు కన్నా దాని కింద సన్నగా అచ్చేసిన మందు పేరు, మోతాదు చదవడం ముఖ్యం.

మోతాదు మించినప్పుడు కాలేయంలో విషపదార్థం పేరుకుని కణాలను చంపుతుంది. మొదటి రోజు వికారం తప్ప పెద్ద లక్షణాలేవీ ఉండకపోవచ్చు. ఆ నెమ్మదిని చూసి ఆసుపత్రికి ఆలస్యం చేయడమే ప్రాణాంతకం. విరుగుడు అసిటైల్ సిస్టీన్‌ను మాత్రలు మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఇలా మోతాదు మించి మింగడాన్ని తగ్గించాలని బ్రిటన్ 1998లో ఒక్కో ప్యాకెట్‌లో అమ్మే మాత్రల సంఖ్యకే పరిమితి పెట్టింది.

ఎన్‌ఎస్‌ఏఐడీలు ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా అడ్డుకుంటాయి. ఈ సంగతి 1971లో శాస్త్రవేత్త జాన్ వేన్ కనుగొన్నాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. నొప్పిని, వాపును పెంచే ఆ రసాయనాలే కడుపు పొరను కాపాడతాయి, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూస్తాయి. కాబట్టి నొప్పి తగ్గడంతో పాటు కడుపులో మంట, పుండు, నల్లటి విరేచనం రావచ్చు. పరగడుపున వేసుకోకపోవడం మంచిదే కానీ, అన్నం తిన్నాక వేసుకున్నంత మాత్రాన పుండు ముప్పు పోదు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని కూలీలు ఒళ్లునొప్పులకు రోజూ వేసుకుంటే కిడ్నీలకు మరీ ప్రమాదం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకు మూలం తేలలేదు. అనుమానాల జాబితాలో ఈ మాత్రలూ ఉన్నాయి గానీ, వాటినే దోషిగా నిలబెట్టే రుజువు లేదు.

డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. గర్భిణులు 20 వారాలు దాటాక ఎన్‌ఎస్‌ఏఐడీలు డాక్టర్ చెబితే తప్ప వాడకూడదు. వైరల్ జ్వరమొచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే అరుదైన, తీవ్రమైన జబ్బు రావచ్చు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకుండా భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది.

తలనొప్పి తరచూ వచ్చేవారు నెలకు 15 రోజులు, అంతకు మించి ఈ మాత్రలు వాడుతూ పోతే మాత్రల వల్లే తలనొప్పి మొదలు కావచ్చు. మానేసిన కొత్తలో నొప్పి పెరిగి, కొన్ని రోజుల తర్వాత నెమ్మదిస్తుంది.