వేక్ టర్బులెన్స్: ముందు విమానం వదిలిన సుడి

వేక్ టర్బులెన్స్ అంటే ముందు వెళ్లిన విమానం గాలిలో వదిలిపెట్టిన సుడి. రన్‌వే మీద దిగడానికి వరసలో వస్తున్న వెనక విమానం అందులో చిక్కుకుంటే క్షణాల్లో ఒక పక్కకు ఒరిగిపోతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది. దీనికి మబ్బుతోనూ ఉరుముతోనూ పని లేదు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి పెద్దగా కదలని రోజునే ఈ సుడి ఎక్కువసేపు బతుకుతుంది.

చాలాకాలం పాటు పైలట్లు దీన్ని ప్రొపెల్లర్లు వెనక్కి నెట్టిన గాలి అనుకున్నారు. నిజానికి ఇది రెక్కల పని. విమానం ఎగరాలంటే రెక్క కింద పీడనం ఎక్కువగా, పైన తక్కువగా ఉండాలి. కింది గాలి రెక్క కొస దగ్గర సందు చూసుకుని పైకి మళ్లుతుంది. అలా రెండు కొసల నుంచీ రెండు సుడులు పుట్టి, ఒకదానికొకటి ఎదురుదిశల్లో తిరుగుతూ, పేనిన తాళ్లలా వెనక సాగుతాయి. రెక్కలు బరువు మోస్తున్నంతసేపూ, ఇంజిన్లు ఆగిపోయినా సరే, ఇవి పుడుతూనే ఉంటాయి. ముందు చక్రం నేలను తాకి, బరువంతా చక్రాల మీదికి మారాకే ఆగుతాయి.

విమానం ఎంత బరువైతే, ఎంత నెమ్మదిగా వెళితే సుడి అంత బలంగా ఉంటుంది. దిగడానికి వచ్చే పెద్ద జెట్ సరిగ్గా అలాంటిదే. పుట్టిన సుడి నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున కిందికి జారుతుంది. అందుకే వెనక విమానం ముందుదాని దారికంటే కాస్త దిగువన వస్తే ముప్పు ఎక్కువ. నేల దగ్గరికి చేరాక రెండు సుడులూ చెరో పక్కకు, రెండు మూడు నాట్ల వేగంతో తొలగిపోతాయి. ఆ సమయంలో అంతే వేగంతో పక్కగాలి వీస్తే చిక్కే: గాలి వచ్చే వైపున్న సుడి కదలలేక రన్‌వే మీదే నిలిచిపోతుంది. ఆకాశంలో 35 వేల అడుగుల ఎత్తున ఒరిగిన విమానాన్ని సరిదిద్దుకోవడానికి కింద చోటుంది. 200 అడుగుల దగ్గర అది లేదు.

లండన్ హీత్రో చుట్టుపక్కల కాపురం ఉండేవాళ్లకు ఈ సుడి బలం వేరే రకంగా తెలుసు. అప్పుడప్పుడూ అది ఇళ్ల కప్పుల మీది పెంకులను లేపేస్తుంది. వాటిని బాగుచేయించడానికి విమానాశ్రయం ప్రత్యేకంగా ఒక పథకమే నడుపుతోంది.

పెద్ద ప్రయాణికుల జెట్ కూడా దీనికి బలవుతుందని లోకానికి తెలిసింది 1972 మే 30న. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ దగ్గర గ్రేటర్ సౌత్‌వెస్ట్ విమానాశ్రయంలో డెల్టా సంస్థ డీసీ-9 ఒకటి శిక్షణ కోసం తిరుగుతోంది. దానికి ముందు అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10, అదీ శిక్షణలోనే, రన్‌వేను తాకి లేచింది. గాలి అలజడి ఉండొచ్చు, జాగ్రత్త అని టవర్ హెచ్చరించింది కూడా. నిమిషమైనా తిరగకముందే డీసీ-9 రన్‌వే మీదికి వచ్చింది. అటూ ఇటూ ఊగి, ఉన్నట్టుండి కుడివైపు ఒరిగింది. కుడి రెక్క కొస నేలను కొట్టింది. లోపలున్న నలుగురూ చనిపోయారు. వాళ్లకు హెచ్చరిక అందింది గానీ, సుడి ఎక్కడుందో, ఎంత ప్రమాదకరమో అంచనా వేసే సమాచారం అందలేదని దర్యాప్తు తేల్చింది. ‘జాగ్రత్త’ అన్న ఒక్క మాటతో పైలట్ ఏం చేయగలడు? ఆ తర్వాతే దూరాల నిబంధనలు బిగిశాయి.

ఆ నిబంధనలు విమానాలను బరువును బట్టి విడదీశాయి. 136 టన్నులు, అంతకు మించినవి ‘హెవీ’. వాటి పైలట్లు రేడియోలో విమానం పిలుపు పేరు చివర ఆ మాట చేర్చి చెబుతారు. ఎయిర్‌బస్ ఏ380కి ‘సూపర్’ అనే ప్రత్యేక హోదా. అంతర్జాతీయ లెక్కలో హెవీ వెనక వచ్చే మధ్యరకం విమానం, అంటే ఎయిర్‌బస్ ఏ320 లాంటిది, 5 నాటికల్ మైళ్లు, సుమారు 9 కిలోమీటర్లు, ఎడం పాటించాలి. దిగేటప్పటి వేగంలో అది రెండు నిమిషాల ప్రయాణం. ఏ380 వెనకైతే 7 మైళ్లు, చిన్న విమానమైతే 8.

బరువు ఒక్కటే కొలబద్ద కాదని బోయింగ్ 757 నేర్పింది. అది హెవీ గీతకు కింద ఉన్న విమానమే, కానీ దాని సుడి పెద్దన్నలకు తీసిపోదు. 1992 డిసెంబర్‌లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో, దాదాపు ఏడాదికి కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, 757 వెనక దిగబోయిన చిన్న జెట్‌లు కూలిపోయాయి. దాంతో అమెరికా 757కు వేరే దూరాలు నిర్ణయించింది.

నిబంధన ఉన్నా ప్రమాదం తప్పకపోవచ్చు. 2008 నవంబర్ 4న మెక్సికో నగరంలో దిగబోతున్న లియర్‌జెట్ 45, ముందున్న బోయింగ్ 767కు ఉండాల్సిన దానికంటే దగ్గరగా వచ్చి సుడిలో పడింది. ఆ దేశ హోంమంత్రి హువాన్ కామిలో మౌరిన్యోతో సహా విమానంలోని తొమ్మిది మందీ, కింద వీధిలో మరికొందరూ మరణించారు. వేగం తగ్గించమన్న ఆదేశాన్ని సిబ్బంది ఆలస్యంగా అమలు చేశారని దర్యాప్తు చెప్పింది.

అలాగని ప్రతి నిందా సుడి నెత్తిన వేయలేం. 1994లో పిట్స్‌బర్గ్‌కు వస్తూ 132 మందితో కూలిన యూఎస్‌ఎయిర్ 737ను ముందున్న విమానపు సుడి కుదిపిన మాట నిజమే. కూల్చింది మాత్రం ఎదురు తిరిగిన రడ్డర్, అంటే తోక మీది చుక్కాని.

ఇప్పుడు గొడవంతా విమానాల మధ్య ఆ దూరాన్ని ఎంతవరకు తగ్గించవచ్చన్నది. దూరం పెరిగితే గంటకు దిగే విమానాలు తగ్గుతాయి, కంపెనీలకు నష్టం. 2012లో మెంఫిస్ విమానాశ్రయంలో బరువుతో పాటు రెక్కల నిడివినీ లెక్కలోకి తీసుకుని ఆరు తరగతులు పెట్టారు. ఎదురుగాలి బలంగా ఉన్నప్పుడు సుడి త్వరగా చెదిరిపోతుంది కాబట్టి, హీత్రో 2015 నుంచి మైళ్లకు బదులు సెకన్లతో ఎడం కొలుస్తోంది. వియన్నాలో 2019లో ఇంకో దారి పరీక్షించారు. రన్‌వే మొదలయ్యే చోటికి ముందు, విమానాలు వచ్చే దారి కింద, నిలువు పలకలను వరసగా నిలబెట్టారు. వాటికి తగిలిన సుడి చుట్టూ చిన్న సుడులు పుట్టి, పెద్దదాన్ని పెనవేసుకుని, వెనక విమానం వచ్చేలోపు పీల్చి పిప్పిచేస్తాయి.