దండు విడిదిలో పుట్టిన దొంగల కథ

కామారెడ్డి నుండి సిరిసిల్లకు పోవు బాటలో ఎల్లారెడ్డిపేట కలదు. పెద్ద పట్టణము కాదు. బస్సు దిగినవాడు ఏ యింటి చుట్టమో, ఏ పనిమీద వచ్చెనో, అతడు చాయ త్రాగి లేచులోపల నలుగురికిని తెలిసిపోవును. ఇట్టి యూరిలో నేరకథ చదువువాని మనస్సు ఒక తీరుగా పనిచేయును. మహానగరములో హత్య జరిగెనన్న అది యెవరి గొడవయో అనుకొందుము. చిన్న యూరి అంగడి వీధిలో జరిగెనన్న, దినమును పలుకరించు మనుష్యులలోనే హంతకుడున్నాడన్నమాట. ఆ కథలో సైనికాధికారి యొకడు ప్రవేశించెనా, ఉత్కంఠ యింకను బిగియును. అతడు ఊరివాడు కాడు, ఎవరికిని చుట్టము కాడు. అయినను ఎవరినైనను నిలిపి ప్రశ్నింపగలవాడు.

ఇట్టి కథలు సినిమాలతోడనే పుట్టినవని తలచువారు కలరు. మన నిజాము రాజ్యములో కొలువు చేసిన సైనికుడే ఇట్టి నవల నొకదానిని 1839లో లండనులో ప్రకటించెను. అతని పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. 1808లో లివర్పూలులో పుట్టి, పదునైదేండ్ల ప్రాయమున ఒక వర్తకుని వద్ద పనికై బొంబాయి చేరెను. ఆ వ్యాపారము దెబ్బతినియుండుటచే నిజాము సైన్యములో ఉద్యోగము సంపాదించుకొనెను. కొంతకాలము పోలీసు అధికారము కూడ నిర్వహించి, థగ్గులను పేరుగల బాటదొంగల వాఙ్మూలములు వ్రాసికొనెను. ఆ వాఙ్మూలములే ‘ఒక థగ్గు ఒప్పుకోలు’ అను అర్థమిచ్చు పేరుగల అతని నవలకు ముడిసరకు.

కథ చెప్పువాడు అమీర్ అలీ అను ఖైదీ, వినువాడు దొర. ఏడువందల పందొమ్మిది హత్యలలో తనకు చేయి కలదని ఖైదీ యొప్పుకొనును. నాగపురము, హైదరాబాదు వంటి తావుల నడుమ బాటలే రంగస్థలము. నిర్మల్, కామారెడ్డిల మీదుగా హైదరాబాదు చేరు బాటను ఎరిగిన మనకు ఆ ప్రయాణములు పరాయివిగా తోచవు. థగ్గులు పొదలమాటున పొంచి మీదపడువారు కారు. మంచిమాటలతో బాటసారుల జట్టులో చేరుదురు. వారితో కలసి తిందురు, దొంగల భయమున్నది గనుక కలసి పోవుదమందురు. గోతి ముందే సిద్ధమై యుండును. ఎవరో ‘పొగాకు తెండు’ అను గుర్తుమాట పలుకగనే రుమాళ్లు మెడలకు చుట్టుకొనును.

నేరము నమ్మకములోనుండి పుట్టుటయే ఇందలి భయము. అమీర్ అలీని ప్రేమతో పెంచిన తండ్రియే అతని కన్న తల్లిదండ్రుల చంపినవాడు. అమీర్ అలీయు ఎరుగక తన సొంత చెల్లెలినే చంపును. విక్టోరియా రాణి గ్రంథము వెలువడువరకు ఆగలేక దిద్దిన అచ్చు కాగితములనే తెప్పించుకొని చదివెనని చెప్పుదురు. ఆమెను తప్పుపట్టజాలము. మేమును ఈ పుస్తకముతో తెల్లవార్లు మేలుకొన్నవారమే.

తెలుగున కొమ్మూరి సాంబశివరావు యుగంధరును, మధుబాబు షాడోను సృష్టించిరి. మొదటివాడు డిటెక్టివు, రెండవవాడు గూఢచారి. అద్దె పుస్తకముల దుకాణములలో ఆ నవలల అట్టలు నలిగిన తీరు చూచినవారికి వాని ఆదరణను గూర్చి వేరే చెప్పనక్కరలేదు.

కాని టేలరు నవలలో ఒక చిక్కు కలదు. ఖైదీ నోట మాట వచ్చుచున్నట్లుండును గాని కలము దొర చేతిలో నున్నది. ప్రాణము దక్కించుకొనుటకై తోడివారిని పట్టియిచ్చిన అప్రూవర్ల మాటల మీదనే థగ్గుల చరిత్ర చాలవరకు నిలిచినది. బాటలలో దోపిడులు, హత్యలు జరిగిన మాట నిజమే. దేశమంతట వ్యాపించిన ఒకే రహస్య మతకూటమి యుండెననుటను మాత్రము పలువురు చరిత్రకారులు సందేహించిరి. 1836 నాటి చట్టము ప్రకారము ఫలానా హత్య చేసెనని రుజువు కాకున్నను, థగ్గుల ముఠాలో చేరినవాడని తేలిన చాలును, యావజ్జీవ ఖైదు. మనిషి చేసిన పని కంటె అతని జట్టు ముఖ్యమైనది. 1871లో నేరస్థ జాతుల చట్టము వచ్చి, పుట్టుకతోనే కొన్ని కులములకు దొంగలను ముద్ర వేసెను. 1911లో అది మదరాసు రాజధానికిని వ్యాపించెను. అటు పిమ్మట బాపట్ల చేరువ ఎరుకల కుటుంబములకై స్టూవర్టుపురము సెటిల్మెంటు ఏర్పడెను. చట్టము 1952లో రద్దయ్యెను గాని, ఊరి వెలుపల గుడారములు వెలసిన రాత్రి కోడి కనబడకపోయినచో మొదటి చూపు నేటికిని అటే పోవును.

ప్రశ్నించువాని పక్కన కూర్చుండి కథ చదువుట హాయి. ప్రశ్నకు ఎదుట నిలువబడుట వేరు. 1978లో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. సాయుధ పోలీసులు పల్లెలకు వచ్చిరి. రాత్రి మీ యింట ఎవరు అన్నము తినిరను ప్రశ్న ఇచటి పెద్దలకు నవలలోని ప్రశ్న కాదు. షాడో నవలను అద్దెకు తెచ్చికొని దీపము క్రింద చదివినవారిలో వారి బిడ్డలును ఉండిరి.