మూడు రచనల సాయంత్రం: డ్యాన్స్ థియేటర్‌లో నిడివి చేసే పని

లండన్‌లో యూస్టన్ స్టేషన్‌కు దగ్గర్లో 'ది ప్లేస్' అనే నృత్యకేంద్రం ఉంది. మూడు వందల లోపు సీట్ల ఆ చిన్న హాల్లో 1990లో 'రిజల్యూషన్' ఉత్సవం మొదలైంది. కొత్త ఏడాది తొలి వారాల్లో సాయంత్రానికి మూడు చొప్పున, ఒకదానితో ఒకటి పరిచయం లేని కొత్త బృందాలు తమ చిన్న రచనలను ప్రదర్శిస్తాయి. పోటీ లేదు, బహుమతి లేదు. ఈ ఉత్సవం గురించి రాసేవాళ్లు సాధారణంగా వేన్ మెక్‌గ్రెగర్, హోఫెష్ షెక్టర్ వంటి పేర్లతో మొదలుపెడతారు. తర్వాత పెద్ద కళాకారులైనవాళ్లు ఇక్కడ తొలి అడుగులు వేశారు కాబట్టి ఈ వేదికకు విలువ ఉందన్నది వాళ్ల తర్కం. ఆ తర్కం ప్రకారం చిన్న రచన ఒక మెట్టు మాత్రమే. ఎక్కినవాళ్లు పైకి వెళ్లారు, మెట్టును ఎవరూ చూడనక్కర్లేదు. ఈ వ్యాసం దీన్ని కాదంటుంది. నృత్యాన్నీ నాటకాన్నీ కలిపే డ్యాన్స్ థియేటర్ వ్యాకరణంలో ప్రధానమైన భాగం నిడివి తక్కువైన రచనల్లోనే, అదీ ఇతర రచనల పక్కన నిలబడవలసి వచ్చిన సాయంత్రాల్లోనే రూపుదిద్దుకుంది. అందుచేత ఇలాంటి ప్రదర్శనలను భవిష్యత్తుకు పరీక్షలుగా కాక, పూర్తయిన రచనలుగా చదవాలి.

మొదటి ఆధారం 1932 నాటిది. ఆ ఏడాది జులై 3న పారిస్‌లోని థియేటర్ దె షాంజెలిజేలో జరిగిన అంతర్జాతీయ నృత్యరచన పోటీలో జర్మనీకి చెందిన కుర్ట్ యోస్ 'ది గ్రీన్ టేబుల్' ప్రదర్శించి మొదటి బహుమతి పొందాడు. అప్పటికి అతని వయసు 31. రచన అరగంటకు కాస్త పైన నడుస్తుంది; సంగీతం రెండు పియానోలు, కూర్చినవాడు ఫ్రిట్జ్ కోహెన్. ఆకుపచ్చ బల్ల చుట్టూ ముసుగులు తొడుక్కున్న పదిమంది నల్లదుస్తుల పెద్దమనుషులు వాదులాడుకుంటారు, తుపాకులు పేలుస్తారు, యుద్ధం వస్తుంది. సైనికుడు, తల్లి, శరణార్థులు, యుద్ధంలో లాభపడే దళారి, అందరి మధ్యా మృత్యువు. చివర్లో అదే బల్ల, అదే పెద్దమనుషులు, అదే వాదన. ఇక్కడ కథ చెప్పే వ్యవధి లేదు. ఎవరు ఏ దేశంవాళ్లో, తగవు దేని గురించో యోస్ చెప్పలేదు. పాత్రలకు పేర్లు కూడా పెట్టలేదు. మొదటి దృశ్యాన్ని చివర మళ్లీ తెచ్చిపెట్టడంతో మూడు అంకాల నాటకం చెప్పవలసిన రాజకీయ వ్యాఖ్యానం పూర్తయింది. పరిచయాన్ని వదిలెయ్యడం, పునరావృత్తితో అర్థాన్ని మార్చడం అనే ఈ రెండు పద్ధతులూ తర్వాతి డ్యాన్స్ థియేటర్‌కు ప్రాణం అయ్యాయి.

యోస్ ఎస్సెన్‌లో నడిపిన ఫోక్‌వాంగ్ పాఠశాలలోనే జర్మన్ నృత్యరచయిత్రి పీనా బౌష్ చదువుకుంది. ఆమె రచనల్లో లోకమంతా ఎరిగిన రెండింటి పుట్టుక చూడండి. 1975 డిసెంబరులో వుప్పర్టాల్‌లో వచ్చిన 'ద రైట్ ఆఫ్ స్ప్రింగ్' నిజానికి స్ట్రావిన్‌స్కీ సంగీతంతో కూర్చిన మూడు భాగాల సాయంత్రంలో చివరి భాగం. 1978 మేలో వచ్చిన 'కఫే ముల్లర్' సంగతి ఇంకా స్పష్టం. ఆ సాయంత్రం మొత్తానికీ అదే పేరు. బౌష్‌తోపాటు గెర్హార్ట్ బోనర్, గీగీ కాచులెయాను, హాన్స్ పాప్ తలా ఒక చిన్న రచన చేశారు. నలుగురూ కొన్ని షరతులు ముందే ఒప్పుకున్నారు: చోటు ఒక కఫే, ఎవరో ఎదురుచూస్తుంటారు, ఎవరో పడిపోతే లేపుతారు, ఎర్రజుట్టు అమ్మాయి వస్తుంది. బౌష్ వంతు రచనలో ఒక పురుషుడు మధ్యలోకి వచ్చి ఒక జంట కౌగిలిని విడదీసి, ఆ స్త్రీని ఆమె జోడీ చేతుల మీద పడుకోబెట్టి వెళ్తాడు. జోడీ మొయ్యలేడు, ఆమె జారి పడుతుంది, లేచి మళ్లీ కౌగిలించుకుంటుంది. ఇది పదేపదే జరుగుతుంది, వేగం పెరుగుతూ పోతుంది. చివరికి మధ్యవర్తి అవసరం లేకుండానే ఆ ఇద్దరూ ఆ హింసను తమంతట తామే చేసుకుంటారు. సంబంధం ఎలా అలవాటవుతుందో, అలవాటు ఎలా శిక్షవుతుందో చెప్పడానికి బౌష్‌కు కొన్ని నిమిషాలు చాలాయి. నేను చూసినంతలో విమర్శకులు ఈ దృశ్యాన్ని ఆమె ప్రతిభకు గుర్తుగానే చెబుతారు. నలుగురు పంచుకున్న షరతుల్లో 'పడిపోవడం, లేపడం' ముందే ఉందన్న విషయం మాత్రం మరుగున పడిపోతుంది.

యోస్, బౌష్ వర్ధమానులు కారు కదా, వాళ్ల వెనుక నగర నాట్యశాలల డబ్బూ, జీతాలు తీసుకునే నర్తకులూ ఉన్నారు కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. వనరుల్లో పోలిక లేదు. అయితే నా వాదన వనరుల గురించి కాదు, రూపం గురించి. ఆ రూపం కొత్త బృందాలకూ అందుబాటులోనే ఉంది. దాన్ని వాడుకోనివాళ్లే విఫలమవుతున్నారు. చిన్న రచన వేరు, పెద్ద రచనలోంచి కోసిన ముక్క వేరు. ఈ తేడా కూచిపూడి ఎరిగినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. భామాకలాపంలోని ప్రవేశ దరువును విడి అంశంగా చేసినప్పుడు అది రక్తి కడుతుంది, ఎందుకంటే సత్యభామ ఎవరో ప్రేక్షకులకు ముందే తెలుసు. వదిలేసిన కలాపాన్ని ప్రేక్షకుడి జ్ఞాపకం పూరిస్తుంది. కొత్త బృందానికి అలాంటి అప్పు పుట్టదు. రాబోయే గంటన్నర రచనకు నమూనా అంటూ ఇరవై నిమిషాలు చూపినప్పుడు ప్రేక్షకుడి ముందు మిగిలేది పాత్రల పరిచయం మాత్రమే. పరిచయం అయ్యేసరికి దీపాలు ఆరిపోతాయి.

సంబంధం లేని మూడు రచనలు పక్కపక్కన పెడితే ఒకదాని రుచిని ఇంకొకటి పాడుచేస్తుందన్నది రెండో ఆక్షేపణ. పాడుచేయడం నిజమే, కానీ పక్కనున్న రచన చేసే పని అదొక్కటే కాదు. 1962 జులై 6న న్యూయార్క్‌లోని జడ్సన్ మెమోరియల్ చర్చిలో యువ నర్తకులు సుమారు మూడు గంటలపాటు చిన్న రచనల వరస ప్రదర్శించారు. ఆ వరసను కూర్చడంలో వాళ్ల అధ్యాపకుడు రాబర్ట్ డన్ యాదృచ్ఛిక పద్ధతులనూ వాడుకున్నాడు. ఏ రచనా ఇంకొకదానికి ముందుమాట కాదు, ముగింపూ కాదు. కథాక్రమం వెతికే అలవాటును ప్రేక్షకుడు ఆ వరస చూస్తూనే వదులుకోవలసి వచ్చింది. రచనకూ రచనకూ నడుమ ఖాళీ కూడా అర్థవంతమే. 'కఫే ముల్లర్', 'ద రైట్ ఆఫ్ స్ప్రింగ్' ఒకే రాత్రి ప్రదర్శించేటప్పుడు విరామంలో పనివాళ్లు ప్రేక్షకుల కళ్లెదుటే వేదిక మీద మట్టి పరుస్తారు. కఫే గది మట్టినేలగా మారడం అందరూ చూస్తారు. కొత్త బృందాల సాయంత్రాల్లో ఈ వ్యవధిని సాంకేతిక అవసరంగానే చూస్తున్నారు. నిర్వాహకుల ఊహ ఇక్కడే పేదగా ఉంది.

నిడివి కట్టడి రచనను మూసగా మారుస్తుందన్నది అన్నిటికంటే బలమైన ఆక్షేపణ. దానికి ఆధారం మన నాటక పరిషత్తుల్లోనే దొరుకుతుంది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలు ఎన్నో పరిషత్తులు ఒకే రాత్రి వరసగా నాటికలు ఆడించాయి. అక్కడ నిడివి నిబంధన రచనకు పదును పెట్టిందా? కొంతకాలం పెట్టింది, ఆ తర్వాత మూసగా గట్టిపడింది. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ఉత్తమ రచన అన్న బహుమతుల పట్టికకు తగ్గట్టు ఒక ఏడుపు, ఒక దీర్ఘ సంభాషణ, చివర్లో ఒక ఉపదేశం నాటికలో ముందే కుదురుకున్నాయి. అయితే ఈ మూసకు కారణం నిడివి అనలేం. 'ది గ్రీన్ టేబుల్' కూడా పోటీలోంచే వచ్చింది. కాకపోతే అక్కడ రచనను ముక్కలు చేసి మార్కులు వెయ్యలేదు, నృత్యరచన మొత్తానికే బహుమతి. విడివిడి విభాగాలుగా కొలిస్తే రచయితలూ విడివిడి విభాగాలుగానే రాస్తారు. రిజల్యూషన్‌లో బహుమతి లేకపోవడం వల్ల ఈ ప్రమాదం తప్పింది. ఇంకో ప్రమాదం మాత్రం మిగిలింది: అక్కడ ఒక్కో రచనకు దక్కేది ఒక్క రాత్రే.

ఈ ఒక్క రాత్రి పద్ధతే 'మెట్టు' తర్కానికి అసలు ఆధారం. రెండోసారి చూడని రచనను ఎవరూ రచనగా గుర్తుంచుకోరు, దాన్ని చేసిన మనిషి పేరునే గుర్తుంచుకుంటారు. 'ది గ్రీన్ టేబుల్' ఈనాటికీ ఆడుతోందంటే కారణం, అది నృత్యాన్ని రాసిపెట్టే లాబాన్ సంకేతలిపిలో నమోదు కావడం, యోస్ కుమార్తె ఆనా మార్కార్ట్ దశాబ్దాలపాటు దాన్ని దేశదేశాల బృందాలకు నేర్పడం. చిన్న రచనల సాయంత్రాలు నడిపేవాళ్లు, లండన్‌లోనైనా హైదరాబాదులోనైనా, కొత్త బృందాల సంఖ్య పెంచుకునే ముందు గత ఏడాది రచనల్లో కనీసం ఒకదాన్ని తిరిగి వేదిక ఎక్కించాలి. విమర్శకులు కూడా మూడు రచనలనూ ఒక్క సమీక్షలో తూకం వెయ్యడం మానుకుని, దేనికది విడిగా రాయాలి.