మానవ నమూనాల పరీక్షల్లో కర్బన కాలమ్‌లు

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ, సింగరేణి సంస్థ రామగుండం-3 ఏరియా కార్మిక కుటుంబాల నివాస ప్రాంతం. ఈ కుటుంబాలకు బొగ్గే జీవనాధారం. బొగ్గులో ప్రధాన మూలకమైన కర్బనమే శుద్ధ రూపంలో రక్తం, మూత్రం వంటి నమూనాల్లోని సూక్ష్మ పదార్థాలను వేరుచేసే సాధనంగానూ ఉపయోగపడుతున్నది. కార్మికుల వైద్య పరీక్షలపై వార్తలు, వివరణలు వెలువరించే వారి సౌకర్యార్థం ఈ వివరాలు పొందుపరచడమైనది.

కాలమ్ అంటే:
సన్నని ఉక్కు గొట్టంలో కూర్చిన రేణువుల గుండా నమూనాను ద్రావణితో పంపుతారు. రేణువులకు గట్టిగా అంటుకొనే పదార్థం ఆలస్యంగాను, అంటుకొననిది ముందుగాను వెలువడుతుంది. ఇదే క్రోమటోగ్రఫీ. సాధారణంగా వాడే సిలికా గాఢ క్షారంలో కరిగిపోతుంది. కర్బనం ఆమ్లానికీ, క్షారానికీ తట్టుకొంటుంది.

తయారీ విధానం:
ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జాన్ నాక్స్ బృందం రంధ్రయుత గ్రాఫైట్ కర్బనాన్ని రూపొందించింది. 1988లో ఇది విపణిలోకి వచ్చింది. సిలికా రంధ్రాల్లో ఫినాల్-ఫార్మాల్డిహైడ్ రెజిన్‌ను నింపి, గాలి తగలకుండా మాడ్చి, సిలికాను క్షారంతో కరిగించి, మిగిలిన కర్బనాన్ని 2000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తారు. బూడిద అధికంగా ఉండే గని బొగ్గు ఈ పనికి నేరుగా పనికిరాదు.

ఉపయోగాలు:
జెమ్‌సిటబిన్ వంటి కేన్సర్ మందుల మోతాదును ప్లాస్మాలో కొలవడానికి, ప్రోటీన్లకు అంటి ఉండే చక్కెర గొలుసులను వేరుచేయడానికి ఇవి అనుకూలం. నీటిలో బాగా కరిగే ఇటువంటి పదార్థాలు సాధారణ కాలమ్‌లో నిలువవు. రక్తంలో మద్యం పరిమాణాన్ని తేల్చే వాయు క్రోమటోగ్రఫీలోనూ గ్రాఫైట్ కర్బనాన్ని వాడారు.

పరిమితులు:
నమూనాలోని ప్రోటీన్లను ముందుగా తొలగించనిచో కాలమ్ పాడవుతుంది. డీజిల్ పొగలో ఉండే బహువలయ కర్బన సమ్మేళనాలు బల్లపరుపుగా ఉన్నందున గ్రాఫైట్‌కు అతుక్కుపోతాయి. అందువల్ల ఆ పొగ ప్రభావాన్ని సూచించే 1-హైడ్రాక్సీపైరీన్‌ను మూత్రంలో కొలవడానికి సాధారణంగా సిలికా ఆధారిత కాలమ్‌నే వాడతారు. పొగాకు వాడకం వల్లనూ ఈ పదార్థం పెరుగుతుంది. కనుక నమూనా తీసిన వేళ, షిఫ్టు వివరాలు, ధూమపానం అలవాటు నమోదు కాని ఫలితానికి విలువ తక్కువ.

గమనింపదగిన అంశం:
దేహంలోకి ఒక పదార్థం చేరినట్లు తేలడం వేరు, వ్యాధి నిర్ధారణ వేరు. బొగ్గు ధూళి వల్ల కలిగే న్యూమోకోనియోసిస్‌ను ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, పనిచేసిన కాలం వివరాల ఆధారంగా నిర్ణయిస్తారు. ఏ కాలమ్ పరీక్షా దానికి ప్రత్యామ్నాయం కాదు. మూత్ర పరీక్ష బాగుందన్న కారణంతో కార్మికునికి వ్యాధి లేదని ప్రకటించినా, ఒక్క అంకె పెరిగినంతనే వ్యాధి సోకిందని రాసినా నష్టపోయేది ఆ కుటుంబమే. పరిహారం, ఉద్యోగం రెండూ ఈ నిర్ధారణపై ఆధారపడి ఉంటాయి. కనుక ఫలితాన్ని ప్రకటించేటప్పుడు పరీక్షా పద్ధతిని, దాని పరిమితిని కూడా పేర్కొనడం, కార్మికుని పేరును గోప్యంగా ఉంచడం అవసరం.