రాయిని గుర్తుపట్టిన ఇల్లాలు

బియ్యంలో రాయిని చూస్తూనే పట్టేస్తాం కదా! అలాంటి చూపే ఆస్ట్రేలియాలో ఒక గనికి దారి చూపింది.

1870లో న్యూ సౌత్ వేల్స్ మెట్టసీమలో బావులు తవ్వే క్యాంప్‌బెల్, హార్ట్‌మన్, గిబ్ ఒక నీటిగుంట దగ్గర దిగారు. దారి చూపినవాళ్లు బోనీ, ఫ్రాంక్ అనే ఆదివాసులు. గుంట దగ్గర పచ్చ, నీలం మరకల రాళ్లు! అవేమిటో ఆ ముగ్గురికీ బోధపడలేదు. తీసుకెళ్లి సిడ్వెల్ క్రూజ్ అనే ఆవిడకు చూపించారు. ఆవిడ కార్న్‌వాల్ ఆడపడుచు. అక్కడి గనుల దగ్గర ఖనిజం కొట్టి ఏరే కూలిపని చేసింది. ఆ కూలిపనిని ఎవరు చదువన్నారు, చెప్పండి! చూస్తూనే రాగి అని తేల్చేసింది.

1876లో గ్రేట్ కోబార్ కంపెనీ ఏర్పడింది. రాగితోపాటు బంగారమూ దొరికింది. 1892లో రైలొచ్చింది, 1919లో గని మూతపడింది.

కోబార్ అన్నది ఆదివాసుల మాటే. ఒంటికి పూసుకునే ఎర్రమట్టి పేరది.