దేవుడికి దస్తావేజు

బొర్రా గుహల్ని 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కనుక్కున్నాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో! ఇది తట్టిన రోజు నాకు పట్టలేనంత సంబరం వేసింది. కొండమీది కథకు ఈ తేదీల గొడవ లేదు. మేస్తున్న ఆవు గుహ కప్పులోని కంతలోంచి కింద పడింది, వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవూ కనిపించింది, శివలింగమూ కనిపించింది. ఊరివాళ్లు గుడి కట్టుకున్నారు. ఇవాళ లోపలున్న ఆ శివుణ్ణి చూడాలంటే పర్యాటక సంస్థ దగ్గర టికెట్టు కొనాలి.

మరి ఈయనకు ధర్మకర్త ఎవరు? కథలోని కాపరి దగ్గర కాగితం లేదు. గుడి తగాదా ఏదైనా చివరికి కాగితం దగ్గరే తేలుతుంది. నేల సంగతైతే బొర్రావాళ్లకు తేలింది. ఇక్కడి గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో, 1997 జులై 11న సుప్రీంకోర్టు, ఏజెన్సీ భూమి విషయంలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదు అంది. మన కోర్టుల లెక్కలో దేవుడూ వ్యక్తే; కాకపోతే ఆయన తరఫున మాట్లాడడానికి ఎవరో ఒకరు కావాలి.

ఆ 'ఎవరో ఒకరి' కథల్లో నాకు మహా ఇష్టమైనది తిరుమలది. 1801లో ఆర్కాటు నవాబు సీమతో పాటు ఏడుకొండలూ కుంఫిణీ చేతికొచ్చాయి. సరుకులమ్ముకోవడానికి వచ్చిన దొరలు వెంకన్న ఆదాయవ్యయాలు రాశారు. 1821లో బ్రూస్ పేరుతో గుడి నడపడానికి నిబంధనలే పెట్టారు. క్రైస్తవులు విగ్రహాలకు కాపలా ఏమిటని మిషనరీలు గోల చేస్తే కుంఫిణీ తప్పుకుని, 1843లో హథీరాంజీ మఠం మహంతు సేవాదాస్‌కు సనదు రాసిచ్చింది. ఉత్తరాది బైరాగుల మఠమది. మూలపురుషుడు బావాజీ స్వామితో పాచికలాడేవాడట. దొంగవని ఆయన్ని నిలదీసి, తెల్లారేలోగా చెరకు మోపులన్నీ తినమంటే స్వామే ఏనుగై వచ్చి తినిపెట్టాడట. ఆ చెరకుకు లెక్క అడిగినవాళ్లు లేరు. గుడి పెత్తనం చూసే విచారణకర్తలైన తరవాతి మహంతుల్ని మాత్రం కోర్టులు వదల్లేదు. భగవాన్ దాస్ హయాంలో కొత్త ధ్వజస్తంభం కింద బంగారు నాణేలు పాతామన్నారు. అనుమానం పుట్టింది, కేసైంది, తవ్వించారు. పైకొచ్చింది రాగి! మహంతుకు శిక్ష పడింది. స్తంభం మొదట్లో గునపం దిగుతుంటే అర్చకులు ఏ మంత్రం చదువుకున్నారో అని నాకిప్పటికీ కుతూహలమే. చివరి విచారణకర్త ప్రయాగ్ దాస్ కాలంలో పెత్తనపు వ్యాజ్యం సముద్రం దాటి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది; 1907లో తీర్పొచ్చింది. 1933 చట్టంతో దేవస్థానం కమిటీ చేతికి పోయి, తొంభై ఏళ్ల మఠం పెత్తనం ముగిసింది.

తరవాత దేవాదాయ చట్టాలు వరసకట్టాయి: 1951, 1966, 1987. మూడోది వంశపారంపర్య ధర్మకర్తల్నీ, అర్చకుల మిరాసీనీ ఒక్క వేటుతో తీసేసింది. ధర్మకర్తల దర్పం పోతే పోయింది గానీ, మిరాసీతో పాటు తాత నుంచి మనవడికి అందే ఆలయ జ్ఞాపకమూ తెగింది. ఆ నష్టాన్ని ఏ ఆడిటరూ రాయలేదు. గుడి కట్టినవాళ్ల వంశానికి పాలకమండలిలో చోటుండాలని 1996లో సుప్రీంకోర్టు కాస్త సర్దింది.

బొర్రా నుంచి విశాఖ వైపు దిగితే సింహాచలం. అక్కడి దేవుడు అప్పన్నకు వంశపారంపర్య ధర్మకర్తలు విజయనగరం పూసపాటివారు. 2020 మార్చిలో ప్రభుత్వం అశోక్ గజపతిరాజును తప్పించి, ఆయన అన్న ఆనంద గజపతిరాజు కూతురు సంచయితను ఆ ధర్మకర్త పీఠంపైనా, వాళ్ల కుటుంబపు మాన్సాస్ ట్రస్టు పీఠంపైనా కూర్చోబెట్టింది. బాబాయి కోర్టుకెక్కాడు. 2021 జూన్ 14న హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. జీవో తెచ్చిన తీరు తప్పే కావచ్చు. వంశంలో పెద్ద మగవాడికే చెల్లాలన్న పాత వాడుకను మాత్రం నేనింకా ఒప్పుకోలేకపోతున్నాను.